చిట్టాలో నా పేరు

పోయినేడు జూన్‌లో మా పెద్దమ్మాయికి ఇంజనీరింగులో సీటు వచ్చింది. ఆ సంతోషం నాలుగు రోజులు కూడా నిలవలేదు. ఫీజు కోసం చదువు లోనుకి వెళితే తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలన్నారు. ఆధార్లు, పాన్ కార్డులు ఇచ్చి వచ్చాం. రెండు రోజుల తరవాత బ్యాంకాయన మమ్మల్ని పిలిచి, మా వారి వైపు కాకుండా నా వైపు చూసి, "అమ్మా, మీ సిబిల్ బాగాలేదు. మీ పేరు మీద ఒక లోను బాకీ ఉన్నట్టు చూపిస్తోంది" అన్నాడు.

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కాపురానికి వచ్చి ఇరవై రెండేళ్లయింది. పాలవాడికి కూడా నెల దాటనివ్వని మనిషిని నేను. మా వారు నా వైపు ఒక చూపు చూశారు. కోపం కాదు, అనుమానం. "నాకు తెలీకుండా ఏమన్నా తీసుకున్నావా?" అని మాత్రం అడిగారు. ఇంటికొచ్చే దాకా ఆటోలో ఇద్దరం మాట్లాడుకోలేదు.

రాత్రి అంట్లు తోముతుంటే గుర్తొచ్చింది. ఆరేళ్ల కిందట వాయిదాల మీద ఫ్రిజ్ కొన్నాం. ఆరోజు మా వారి దగ్గర పాన్ కార్డు లేకపోతే నా కార్డు ఇచ్చాను. షోరూములో కుర్రాడు చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. వాయిదాలన్నీ కట్టేశాం. చివరిది మాత్రం షోరూములోనే నగదుగా కట్టి రసీదు తెచ్చుకున్నాం. ఫైనాన్సు ఇచ్చిన కంపెనీ లెక్కలో ఆ ఆఖరి వాయిదా చేరనే లేదు. 1,850 రూపాయలు ఆరేళ్లుగా నా పేరు పక్కన అలా కూర్చుని ఉన్నాయి.

మర్నాడు ఫోనులో "సిబిల్ క్లీన్ చేస్తాం, పదిహేను రోజుల్లో స్కోరు 750" అనే ప్రకటన కనిపించింది. ఫోన్ చేస్తే ఒకాయన, "మేడమ్, పన్నెండు వేలు అవుతుంది, సగం ముందు పంపండి. మీ ఆధార్, పాన్, ఓటీపీ ఇవ్వండి చాలు. మిగతాది మాకు వదిలేయండి" అన్నాడు. ఎంత ధీమాగా మాట్లాడాడంటే, పోపుల డబ్బాలో దాచిన డబ్బు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పిల్ల చదువు కదా.

నన్ను ఆపింది మా చిన్నాన్న. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఫోనులో నా గోడు అంతా విని, "అమ్మడూ, రాసింది తప్పయితే దిద్దించుకోవడానికి పైసా అక్కర్లేదు. రాసింది నిజమయితే వాడు కాదు కదా, వాడి బాబు కూడా చెరపలేడు. ఆ పన్నెండు వేలు దేనికి?" అన్నారు.

నా ఫిర్యాదు తేలడానికి దాదాపు నెల పట్టింది. ఆ నెలంతా నన్ను ఒక ప్రశ్న వదల్లేదు. నా గురించి ఎవరో ఎక్కడో రాసిపెట్టారు, దాన్ని చూసి బ్యాంకాయన నన్ను తూచాడు, ఇంట్లో మా వారు కూడా ఒక్క క్షణం తూచారు. అసలు ఈ చిట్టా ఎప్పుడు మొదలైంది? దాన్ని చూసే హక్కు మనకి ఎలా వచ్చింది? తెలుగు బీఏ చదివిన నాకు ఆర్థిక శాస్త్రం రాదు. కానీ కథ చదవడం వచ్చు. ఇది మంచి కథే, అందులో ఆడవాళ్ల పాత్ర కూడా ఉంది. అందుకే మీకూ చెబుతున్నాను.

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో కోమటి గారి కొట్లో ఎర్ర అట్ట ఖాతా పుస్తకం ఉండేది. ఎవరికి అప్పివ్వాలో, ఎవరికి కూడదో ఆయనకి పుస్తకం చూడకుండానే తెలుసు. మనిషి ముఖం తెలుసు, పొలం తెలుసు, మామగారు తెలుసు. లెక్కలో తప్పుంటే అమ్మమ్మ కొట్టు ముందు నిలబడి, "శెట్టిగారూ, మొన్న ఉగాది సరుకులకి కట్టేశాను కదా" అని దిద్దించుకునేది. అమ్మమ్మ ఎదురుగా పుస్తకం తెరవక తప్పేది కాదు ఆయనకి.

ఊరు పెద్దదై, ఇచ్చేవాడికి పుచ్చుకునేవాడి ముఖం తెలియనప్పుడు ఏం చెయ్యాలి? ఈ చిక్కు అమెరికాలో బాగా ముందే వచ్చింది. న్యూయార్కులో ఆర్థర్ టాపన్ అనే పట్టుబట్టల వర్తకుడు ఉండేవాడు. దూరపు ఊళ్ల వ్యాపారులకి అరువు మీద సరుకు పంపేవాడు. 1837లో పెద్ద ఆర్థిక సంక్షోభం వచ్చి ఇవ్వాల్సిన వాళ్లు ఇవ్వలేకపోయారు, ఆయన వ్యాపారం కూలిపోయింది. ఆ దెబ్బ చూసిన తమ్ముడు లూయిస్ టాపన్ 1841లో మర్కంటైల్ ఏజెన్సీ అని ఒక సంస్థ పెట్టాడు. ఊరూరా ఉన్న లాయర్లు ఫలానా వ్యాపారి ఎలాంటివాడు, తాగుతాడా, మాట మీద నిలబడతాడా అని రాసి పంపేవారు. న్యూయార్కులో గుమాస్తాలు దాన్ని పెద్ద పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించేవారు. చందా కట్టిన వర్తకులు వచ్చి విని వెళ్లేవారు. ఎవరి గురించి రాశారో వాళ్లకి మాత్రం ఆ పుస్తకం చూపించేవారు కాదు. అమ్మమ్మ కొట్టుకీ ఈ పుస్తకానికీ తేడా అక్కడే ఉంది.

అది వ్యాపారుల లెక్క. మామూలు సంసారుల లెక్క తరవాత మొదలైంది. 1899లో అట్లాంటా నగరంలో కేటర్ వూల్‌ఫర్డ్, గై వూల్‌ఫర్డ్ అనే అన్నదమ్ములు రిటైల్ క్రెడిట్ కంపెనీ పెట్టారు. కొట్టు కొట్టుకీ తిరిగి ఎవరు ఎలా కడుతున్నారో అడిగి ఒక పుస్తకం అచ్చువేసి వర్తకులకి అమ్మేవారు. చప్పున కడతారు, ఆలస్యం చేస్తారు, నగదిస్తేనే ఇవ్వండి, ఇలా ఒక్కో పేరు పక్కన ఒక్కో మాట. ఆ కంపెనీయే తరవాత పేరు మార్చుకుని ఈక్విఫ్యాక్స్ అయింది. ఇవాళ మన దేశంలో మన లెక్క రాసే నాలుగు కంపెనీల్లో అదీ ఒకటి.

రోజులు గడిచేకొద్దీ ఆ చిట్టాలోకి డబ్బు సంగతులే కాదు, ఇంటి గుట్టు కూడా వచ్చి చేరింది. మొగుడూ పెళ్లాల గొడవలు, తాగుడు, నడవడిక, పక్కింటివాళ్లు చెప్పిన చాడీలు, అన్నీ. ఉద్యోగం రాకపోయినా, బీమా ఇవ్వకపోయినా ఎందుకో మనిషికి తెలిసేది కాదు. 1960లలో అమెరికా చట్టసభల్లో దీని మీద విచారణలు జరిగాయి. సెనేటరు విలియం ప్రాక్స్‌మైర్ పట్టుబట్టి పనిచేశాడు. చివరికి 1970 అక్టోబరులో ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం వచ్చింది. మన గురించి ఏం రాశారో తెలుసుకునే హక్కు, తప్పయితే మళ్లీ విచారించమని అడిగే హక్కు మనిషికి దాంతో వచ్చాయి. చెడ్డ మాట ఏదైనా మామూలుగా ఏడేళ్లు దాటితే రిపోర్టులో చూపకూడదన్న నియమమూ వచ్చింది. టాపన్ పుస్తకానికీ ఈ చట్టానికీ మధ్య 129 ఏళ్లు గడిచాయి.

అయినా ఆడవాళ్ల కష్టం తీరలేదు. తప్పు రాస్తే దిద్దించుకోవచ్చు, అసలు మన పేరు మీద చిట్టాయే లేకపోతే? 1972లో వినియోగదారుల రుణాల మీద వేసిన జాతీయ కమిషన్ ఎదుట ఆడవాళ్లు వచ్చి తమ బాధలు చెప్పుకున్నారు. పెళ్లికాని మగవాడికి దొరికే అప్పు పెళ్లికాని ఆడదానికి దొరకదు. పెళ్లయితే అంతదాకా తన పేరున ఉన్న ఖాతా మూసి, మొగుడి పేరుతో మళ్లీ అడగమంటారు. ఇద్దరూ సంపాదిస్తున్నా ఇంటి లోను దగ్గరికి వచ్చేసరికి ఆమె జీతం లెక్కలోకి రాదు, లేదా సగమే వస్తుంది. ఎందుకంటే రేపు కడుపొస్తే ఉద్యోగం మానేస్తుందట. పిల్లల్ని కనబోమని డాక్టరు దగ్గర కాగితం తెమ్మన్న వాళ్లు కూడా ఉన్నారు. మొగుడు పోయినా, విడాకులైనా, ఇన్నేళ్లూ ఇద్దరూ కలిసి కట్టిన మంచి లెక్కంతా ఆయన పేరుతోనే ఉండిపోతుంది. ఆమె మాత్రం ఖాళీ కాగితం.

ఇక్కడే నాకు బాగా నచ్చిన మనిషి వస్తుంది. లిండీ బాగ్స్. లూసియానా రాష్ట్రం ఆమెది. భర్త హేల్ బాగ్స్ కాంగ్రెస్ సభ్యుడు. 1972లో అలాస్కాలో ఆయన ఎక్కిన విమానం కనపడకుండా పోయింది. మరుసటి ఏడాది ఆ స్థానానికి ఎన్నిక జరిగితే ఈమె నిలబడి గెలిచింది. బ్యాంకింగ్ కమిటీలో సభ్యురాలయింది. అప్పులివ్వడంలో రంగునీ వయసునీ బట్టి వివక్ష చూపకూడదని ఒక బిల్లు ఆ కమిటీ ముందుకి వచ్చింది. అందులో ఆడవాళ్ల ఊసు లేదు. ఆమె ఏ గొడవా పెట్టుకోలేదు. ఆడా మగా అన్న తేడా, పెళ్లయిందా లేదా అన్న తేడా కూడా చూపకూడదన్న మాటల్ని తన కాగితం మీద చేత్తో రాసి, పక్క గదిలోకి వెళ్లి అందరికీ సరిపడా నకళ్లు తీయించుకొచ్చింది. తోటి సభ్యులకి పంచుతూ, ఇది పొరపాటున జారిపోయి ఉంటుంది, మీరు కావాలని వదిలేసి ఉండరు అన్నట్టుగా తీయగా చెప్పింది. ఎవరూ కాదనలేకపోయారు. వంటింట్లో ఇలాంటి ఉపాయంతో ఎన్ని పనులు జరిపించుకుంటామో మనకి తెలీదా!

1974 అక్టోబరు 28న ఆ సమాన రుణావకాశాల చట్టం మీద అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం పెట్టాడు. దాని కింద వచ్చిన నిబంధనల్లో ఒకటి నాకు చాలా ముఖ్యమనిపించింది. 1977 జూన్ నుంచి, భార్యాభర్తలిద్దరూ వాడే ఖాతా అయితే దాని చరిత్రని ఇద్దరి పేర్ల మీదా రాయాలి. అప్పటి నుంచి భార్యకి తన చిట్టా తనకి ఏర్పడింది.

హక్కు వచ్చిన చోటికి దాన్ని అమ్ముకునేవాళ్లూ వచ్చారు. 1980లలో అమెరికాలో క్రెడిట్ రిపేర్ దుకాణాలు పుట్టగొడుగుల్లా లేచాయి. వాళ్ల చిట్కా ఏమిటంటే, నిజమో అబద్ధమో చూడకుండా మన రిపోర్టులో ఉన్న చెడ్డ మాటలన్నిటి మీదా తప్పు తప్పు అని కుప్పలుగా ఫిర్యాదులు పంపడం. సరిచూడలేని సంగతిని తీసెయ్యాలని చట్టంలో ఉంది కాబట్టి కొన్ని కొంతకాలం మాయమయ్యేవి. అప్పిచ్చినవాడు అవును నిజమేనని చెప్పగానే మళ్లీ వచ్చేవి. ఆలోగా ఫీజు తీసుకున్నవాడు పత్తా లేకుండా పోయేవాడు. ఇంకొందరు మరీ తెగించి, కొత్త గుర్తింపు నంబరు తెచ్చుకుని కొత్త మనిషిలా అప్పు అడగమని నేర్పేవారు. అది నేరం. నమ్మి చేసినవాళ్లే ఇరుక్కునేవారు.

అందుకని 1996లో ఈ రిపేరు సంస్థల కోసమే అక్కడ ఒక చట్టం తెచ్చారు. పని పూర్తయ్యే దాకా డబ్బు పుచ్చుకోకూడదు. ఒప్పందం కాగితం మీద ఉండాలి. మూడు పనిదినాల్లోపు మనసు మార్చుకుంటే పైసా కట్టకుండా రద్దు చేసుకోవచ్చు. నిజాన్ని దాచమని, మారుపేరు పెట్టుకోమని సలహా ఇవ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, సంతకం పెట్టించుకునే ముందే ఒక కాగితం చేతికివ్వాలి. తప్పుల మీద మీరే స్వయంగా ఫిర్యాదు చేసుకోవచ్చనీ, సరైన సమాచారాన్ని తీయించే హక్కు ఎవరికీ లేదనీ ఆ కాగితంలో ఉంటుంది. మా చిన్నాన్న ఫోనులో చెప్పింది అక్షరాలా ఇదే. నాతో మాట్లాడినాయన పని మొదలుపెట్టకుండానే సగం డబ్బు అడిగాడని మీకు గుర్తుందనుకుంటాను.

ఇక మన దేశం సంగతి. ఇక్కడ బ్యాంకులన్నీ కలిసి లెక్క పంచుకోవాలన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది. రిజర్వ్ బ్యాంకు వేసిన సిద్దిఖీ కమిటీ సిఫారసు మీద 2000లో సిబిల్ ఏర్పడింది. మామూలు మనుషుల అప్పుల లెక్క 2004లో మొదలైంది. 2005లో క్రెడిట్ సమాచార సంస్థల చట్టం చేశారు, 2006 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. మన రిపోర్టు మనం అడిగి చూసుకునే హక్కు, తప్పు చూపిస్తే ముప్పై రోజుల్లో దిద్దాలన్న నియమం అందులోనే ఉన్నాయి. ఇప్పుడు సిబిల్, ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. మనం అలవాటు కొద్దీ అన్నిటినీ సిబిల్ అనేస్తాం.

ఈ కథలో మన తెలుగు పల్లెల ఆడవాళ్ల కన్నీళ్లు కూడా ఉన్నాయి. 2010 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణ కంపెనీలు వీధి వీధికీ వచ్చాయి. ఒకే ఇల్లాలికి నలుగురైదుగురు అప్పిచ్చేవారు. ఒకరిచ్చినట్టు ఇంకొకరికి తెలియదు, తెలిసినా పట్టదు. ఒక వాయిదా కట్టడానికి ఇంకో చోట అప్పు. వారం వారం గుమ్మంలో వసూళ్లు, గుంపులో అందరి ముందూ అవమానం. ఆత్మహత్యలు జరిగాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తరవాత అదే చట్టమయింది. 2011 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు ఈ కంపెనీలకి కొత్త నియమాలు పెట్టింది. ఇచ్చే అప్పుల వివరాలు క్రెడిట్ సంస్థలకి చెప్పాలన్నది వాటిలో ఒకటి. అప్పటిదాకా చిట్టా అంటే మనల్ని పట్టుకునే వల అనుకున్నాను. సరిగ్గా రాస్తే, మొయ్యలేని బరువు మన నెత్తిన పెట్టకుండా అడ్డుకునేదీ అదేనని ఇది చదివాక అర్థమయింది.

2017 జనవరి నుంచి ఒక్కో సంస్థ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అంటే నాలుగు సంస్థల దగ్గర నాలుగు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. తప్పుంటే ఆ సంస్థ వెబ్‌సైటులోనే ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ సంస్థ తనంతట తాను ఏదీ మార్చదు, అప్పిచ్చిన కంపెనీని అడుగుతుంది. ఆ కంపెనీ 21 రోజుల్లోపు జవాబివ్వాలి, మొత్తం ముప్పై రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే 2024 ఏప్రిల్ నుంచి ఆలస్యమైన ప్రతి రోజుకీ మనకి వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. అప్పటికీ న్యాయం జరగకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు, దానికీ ఖర్చు లేదు. వాళ్ల ఉచిత ఫోను నంబరు 14448.

నా సంగతికి వస్తే, మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని రిపోర్టు తెప్పించుకున్నాను. బీరువాలో పట్టుచీరల కింద దాచిన రసీదు దొరికింది. అది ఫోటో తీసి ఫిర్యాదు పెట్టాం, ఫైనాన్సు కంపెనీకి కూడా విడిగా రాశాం. మొదట వాళ్లు ఆ రసీదు తమది కాదు, షోరూముది అన్నారు. షోరూముకి వెళ్లి వాళ్ల పాత లెక్క వెతికించాను. ఇరవై ఏడో రోజున నా పేరు పక్కన బాకీ పోయి, ఖాతా ముగిసింది అని వచ్చింది. బాకీ లేదన్న కాగితం కూడా అడిగి తీసుకున్నాను. కాలేజీవాళ్ల గడువుకి ఆరు రోజుల ముందు లోను వచ్చింది.

మా వీధి చివర ఉండే వదినగారి కథ వేరు. ఆవిడ క్రెడిట్ కార్డు బాకీ నిజంగానే కట్టలేకపోయింది. సగానికి బేరమాడి కట్టేసి, తీరిపోయిందనుకుంది. రిపోర్టులో అది ముగిసింది అని రాదు, సెటిల్డ్ అని వస్తుంది. అంటే పూర్తిగా కట్టలేదని అర్థం. దాన్ని చెరిపిస్తానన్నవాడికి ఎనిమిది వేలిచ్చింది, ఇప్పుడు వాడు ఫోనెత్తడు. చిన్నాన్ననే అడిగించాను. మిగిలిన సగం కట్టి ఖాతా ముగించమని అడగడం, అక్కడి నుంచి వాయిదాలు తప్పకుండా కట్టుకుంటూ రావడం తప్ప దగ్గరిదారి లేదన్నారు. ఆవిడ ఇప్పుడు నెలకి కొంత కొంత పోగేస్తోంది.

మా వారు ఆ రోజు ఆటోలో చూసిన చూపు గురించి ఈమధ్య అడిగాను. "అప్పుడు నేనే భయపడ్డానే" అన్నారు. అయిండొచ్చు. ఆయన రిపోర్టు కూడా తెప్పించాం. పదకొండేళ్ల కిందట ఒక స్నేహితుడికి పెట్టిన హామీ సంతకం అందులో ఉంది. ఈసారి చూపు నాది!

ఇప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు మా ఇద్దరి రిపోర్టులూ తెప్పించి చూసుకుంటాం. ఎవరు చెప్పినా సరే, చదవకుండా సంతకం పెట్టను. మీ పేరు మీద ఏ ఫ్రిజ్ ఉందో, ఏ బంగారం లోను ఉందో, ఎవరి కోసం పెట్టిన హామీ ఉందో మీకు తెలుసా? ఈ ఆదివారం మధ్యాహ్నం ఓ పావుగంట తీరిక చేసుకుని చూడండి. చూశాక నాకూ చెప్పండి.